శాంక్షన్, రిగ్రెట్, మే – ఫౌజీ జీవితంలో అనుమతి మాటలు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. ఏ విషయం మీద సార్ అని అడిగితే, "జీవితమంతా ఫైళ్ళు చూశారు కదా, అందులోంచే ఏదన్నా పనికొచ్చేది చెప్పండి" అన్నారు. నేను పండితుణ్ణి కాను. ఇంటర్మీడియట్ పాసై, గుంటూరు రిక్రూటింగ్ ఆఫీసులో క్లర్కుగా భర్తీ అయ్యి, సుబేదారు హెడ్ క్లర్కుగా పెన్షన్ వచ్చినవాణ్ణి. నాకు ఇంగ్లీషు కాలేజీలో వచ్చింది తక్కువ, ఫైళ్ళలో వచ్చింది ఎక్కువ. అందుకని ఆ ఫైళ్ళలోంచే ఒక చిన్న విషయం తీసుకున్నాను. ఒకరికి అనుమతి ఇవ్వడానికి, లేదనడానికి ఇంగ్లీషులో వాడే మాటలు.

ఇదేం విషయం, ఎస్ అంటే ఎస్, నో అంటే నో కదా అనుకోవచ్చు. కానీ సోదరులారా, మన ఆఫీసు ఉత్తరాల్లో ఎస్ అనే మాట గానీ నో అనే మాట గానీ ఎప్పుడన్నా చూశారా? నేను నా సర్వీసు మొత్తంలో చూడలేదు. వాటి బదులు ఓ ఇరవై మాటలున్నాయి. గ్రాంటెడ్, శాంక్షన్డ్, అప్రూవ్డ్, రికమెండెడ్, ఫార్వర్డెడ్, నోటెడ్, రిగ్రెటెడ్, ఇంకా చాలా. ఫౌజీ బతుకు ఈ మాటల మధ్యే నడుస్తుంది. పెళ్ళికెళ్ళాలన్నా, అమ్మకి బాగోలేదన్నా, పాస్‌పోర్టు కావాలన్నా, చివరికి గేటు దాటి బజారుకెళ్ళి సబ్బు కొనుక్కోవాలన్నా ఎవరో ఒకరు ఒక మాట రాయాలి. ఆ మాట మనకి సరిగ్గా అర్థమైతే పని జరుగుతుంది. అర్థం కాకపోతే ఒక్కోసారి శిక్ష, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నష్టం. అలా జరిగినవి నేను చూశాను కాబట్టే చెబుతున్నాను.

లీవ్ అంటే సెలవు

ముందు మనందరికీ ప్రాణమైన మాటతో మొదలుపెడదాం. లీవ్. జేసీవోలకి, జవాన్లకి ఏడాదికి అరవై రోజులు యాన్యువల్ లీవు, ముప్పై రోజులు క్యాజువల్ లీవు అని మనందరికీ కంఠతా వచ్చు. కానీ లీవు రూల్సు పుస్తకం తెరిస్తే మొదట్లోనే ఒక మాట ఉంటుంది. లీవు హక్కుగా అడిగేది కాదు అని. అరవై రోజులు మనకి రాసిపెట్టి ఉన్నా, ఇచ్చేవాడు ఇస్తేనే అది లీవు.

ఎందుకంటే ఇంగ్లీషులో లీవ్ అనే మాటకి పాత అర్థమే అనుమతి. ఇంట్లో గడిపే రోజులు అనే అర్థం ఆ తర్వాత వచ్చింది. ఆర్మీ యాక్టు 1950 లో 39వ సెక్షను చూడండి. అందులో మొదటి నేరం 'వితౌట్ లీవ్' గైర్హాజరు కావడం. అంటే లీవు రోజులు అయిపోయాయని కాదు, అనుమతి లేకుండా అని. రెండోది, ఇచ్చిన లీవు కంటే సరైన కారణం లేకుండా ఎక్కువ రోజులు ఉండిపోవడం. కోర్టు మార్షల్ దాకా వెళితే మూడేళ్ళ వరకూ ఖైదు పడొచ్చు. ముప్పై రోజులు దాటితే 106వ సెక్షను కింద కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ పెట్టి తీరాలి. ఇంత బరువుంది ఆ చిన్న మాటకి.

మన తెలుగులో సెలవు అనే మాట కూడా అచ్చం ఇలాంటిదే. "సెలవు పెట్టాను" అంటే లీవు. "తమ సెలవైతే వెళతాను" అంటే అనుమతి. "ఇక సెలవు" అంటే వీడ్కోలు. ఇంగ్లీషువాడు కూడా వెళ్ళేటప్పుడు 'టేక్ లీవ్' అనే అంటాడు. మూడర్థాలూ రెండు భాషల్లోనూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. పైగా మనవాళ్ళు ఇంకో మెట్టు ఎక్కారు. పెద్దవాళ్ళు ఏదన్నా చెబితే "సెలవిచ్చారు" అంటాం. అంటే పెద్దాయన నోటి మాటే పర్మిషన్ అన్నమాట. ఇది మన కమాండింగ్ ఆఫీసర్లకి బాగా సరిపోయే మాట.

చెప్పకుండా జారుకోవడాన్ని ఫ్రెంచ్ లీవ్ అంటారని తెలుసు కదా. ఫ్రెంచివాళ్ళు అదే పనిని 'ఇంగ్లీషు పద్ధతిలో జారుకోవడం' అంటారు. తప్పు ఎప్పుడూ పక్క దేశం వాడిదే!

హిందీలో మనం ఛుట్టీ మంజూర్ అంటాం. మన ఊళ్ళో కూడా లోన్ మంజూరైంది అంటాం. ఈ మంజూర్ అరబీ నుంచి వచ్చిన మాట. నజర్ అంటే చూపు, మంజూర్ అంటే 'చూడబడినది' అని మూలార్థం. పాత రోజుల్లో పెద్దవాడి చూపు పడితే చాలు, పని అయినట్టే. కానీ ఇంగ్లీషు ఫైల్లో ఆఫీసరు 'సీన్' అని రాసి సంతకం పెడితే, తమ్ముళ్ళూ, అది మంజూరు కాదు. చూశాను అని మాత్రమే. 'నోటెడ్' కూడా అంతే. చాలామంది జవాన్లు ఆఫీసు కిటికీ దగ్గరకొచ్చి "సాబ్ సంతకం పెట్టేశారట కదా" అని ట్రంకు సర్దుకునేవారు. సంతకం ఉంది సరే, సంతకం పైన ఏ మాట ఉందో చూడాలి.

మూడు మెట్లు

దరఖాస్తు పైకి వెళ్ళేటప్పుడు మూడు మాటలు వస్తాయి. ఫార్వర్డెడ్, రికమెండెడ్, శాంక్షన్డ్. మూడూ ఒకటే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఫార్వర్డెడ్ అంటే నేను పైకి పంపాను, అంతే. నా చేతిలోకొచ్చింది, నా చేతిలోంచి వెళ్ళింది. రికమెండెడ్ అంటే ఇవ్వచ్చని నా అభిప్రాయం. శాంక్షన్డ్ అంటే ఇచ్చాను, ఇచ్చే అధికారం నాకుంది. రికమెండ్ చేసేవాడు శాంక్షన్ చెయ్యలేడు. శాంక్షన్ చేసేవాడు ఎవరి రికమెండేషన్‌కీ కట్టుబడి ఉండక్కర్లేదు. 'ఫార్వర్డెడ్ ప్లీజ్' అని మాత్రమే రాసి, రికమెండెడ్ అని రాయలేదంటే అందులోనే సగం నో ఉంది. పాత క్లర్కులకి అది చూడగానే తెలిసిపోయేది.

అర్జీ రిపోర్టులో కంపెనీ కమాండర్ ముందు నిలబడి జవాను తన కష్టం చెప్పుకుంటాడు. సాబ్ నోటితో "ఠీక్ హై, దేఖేంగే" అంటారు. జవాను బయటికొచ్చి "మిల్ గయా" అంటాడు. మన ఊళ్ళో "చూద్దాం" అంటే ఏమిటి? సంబంధం అడగడానికి వెళితే పిల్ల తండ్రి "చూద్దామండీ" అన్నాడనుకోండి, లేచి వచ్చేస్తాం కదా. అదే మాట హిందీలో విని మిల్ గయా అనుకుంటే ఎలా?

ఫైలు మీద ఆఫీసరు 'ప్లీజ్ స్పీక్' అని రాస్తే అది ఎస్ కాదు, నో కాదు. వచ్చి మాట్లాడమని. మాట్లాడేవరకు ఆ ఫైలు అక్కడే నిద్రపోతుంది. 'కీప్ పెండింగ్' అంటే గుర్తు చేస్తేనే కదులుతుంది. అందుకే ఫౌజులో హేస్టనర్ అనే ఉత్తరం పుట్టింది. తొందరపెట్టే ఉత్తరం. హేస్టనర్ రాయడం తప్పు కాదు, అగౌరవం కాదు. రాయకపోవడమే తప్పు.

ఎంఈఎస్ పనులు చూసినవాళ్ళకి ఇంకో సంగతి తెలుసు. అక్కడ అడ్మినిస్ట్రేటివ్ అప్రూవల్ వేరు, టెక్నికల్ శాంక్షన్ వేరు. మొదటిది ఆ పని చెయ్యచ్చని, రెండోది ఇంజనీర్లు వేసిన ఎస్టిమేటు సరిగ్గా ఉందని. అప్రూవల్ వచ్చింది కదా అని బ్యారక్ రేకులు ఊడదీసి కూర్చుంటే వర్షాకాలం నెత్తి మీదకొస్తుంది.

ఈ శాంక్షన్ అనే మాట ఇంకో చిత్రమైన మాట. 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. వెంటనే అమెరికా భారత్ మీద శాంక్షన్స్ పెట్టింది అని రేడియోలో, పేపర్లో వచ్చింది. మా ఆఫీసులో ఒక కుర్ర జవాను పేపరు పట్టుకొచ్చి, "సాబ్, అమెరికా మనకి శాంక్షన్ ఇచ్చిందా, మంచిదే కదా" అన్నాడు. అందరం నవ్వాం గానీ వాడి తప్పేముంది? వాడికి తెలిసిన శాంక్షన్ అంటే లీవు శాంక్షన్, అడ్వాన్సు శాంక్షన్. ఒకటే మాటకి అనుమతి అనీ అర్థం, ఆంక్ష అనీ అర్థం. లాటిన్ మూలంలో అది పెద్దల శాసనం. శాసనం ఒకరికి తలుపు తీస్తుంది, ఇంకొకరికి మూస్తుంది. పక్కన ఏ మాట ఉందో చూస్తే తెలుస్తుంది. శాంక్షన్ 'ఇస్తే' అనుమతి, శాంక్షన్స్ 'విధిస్తే' శిక్ష. ఆ ఆంక్షలు 2001 సెప్టెంబరులో ఎత్తేశారు.

లీవు శాంక్షనయ్యాక కూడా ఒక తోక ఉంటుంది. సర్వీసు అవసరాలకి లోబడి అని. ఆ తోకని ఎవరూ పట్టించుకోరు, కార్గిల్ లాంటిది వచ్చేవరకు. 1999 వేసవిలో ఎంతోమంది సగం లీవులో వెనక్కి వచ్చారు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్‌కి మళ్ళీ అదే జరిగింది. పసుపు బట్టలతో ఉన్న పెళ్ళికొడుకు కూడా ట్రంకు ఎత్తుకున్నాడు. ఇచ్చిన చెయ్యే తీసుకోగలదు. గ్రాంటెడ్ అనే మాటలో ఆ సంగతి కూడా ఉంది.

మెత్తని మాటలో గట్టి నో

ఇప్పుడు లేదనే మాటల దగ్గరకొద్దాం. ఇంగ్లీషువాడు లేదనేటప్పుడు చాలా మర్యాద చూపిస్తాడు. అక్కడే మన ప్రాణం మీదకొస్తుంది.

తొంభైల్లో సంగతి. నేను అప్పుడు కొత్త క్లర్కుని. యూనిట్ పేరు, ఊరి పేరు అక్కర్లేదు. మన తెలుగు కుర్రాడే ఒకడు లీవు మీద వెళ్ళాడు. ఇంటి దగ్గర తండ్రి మంచాన పడ్డాడు. పది రోజులు ఎక్స్‌టెన్షన్ కావాలని టెలిగ్రాం కొట్టాడు. ఆ టైములో యూనిట్‌కి మూవ్ ఆర్డరు ఉంది. ఇవ్వడం కుదరదని జవాబు వెళ్ళింది. టెలిగ్రాంలో ఒక్కో మాటకీ డబ్బులు కాబట్టి మాటలు కుదించేవారు. "ఎక్స్‌టెన్షన్ టెన్ డేస్ రిగ్రెటెడ్" అని వెళ్ళింది.

ఆ ఊళ్ళో ఇంగ్లీషు తెలిసిన పెద్దమనిషి చేత చదివించుకున్నారు. ఆయన రిగ్రెట్ అంటే విచారం అని చెప్పాడు. నిజమే కదా, డిక్షనరీలో అలాగే ఉంటుంది. "పది రోజులు ఎక్స్‌టెన్షన్ ఇచ్చార్రా, మీ నాన్న సంగతి విని వాళ్ళు కూడా విచారం తెలియజేశారు" అన్నాడు. ఇంట్లోవాళ్ళు ఆ ఆఫీసర్లకి దణ్ణం పెట్టుకున్నారు. కుర్రాడు నిశ్చింతగా పది రోజులు ఉండి, టెలిగ్రాం జేబులో పెట్టుకుని మరీ వచ్చాడు. వచ్చీ రాగానే ఓవర్‌స్టే కింద చార్జి. వాడికి ఏం అర్థం కాలేదు. "సాబ్, ఆప్‌నే హీ తో దియా" అని టెలిగ్రాం తీసి చూపించాడు.

కంపెనీ కమాండర్ సాబ్ మంచి మనిషి. వాణ్ణి కూర్చోబెట్టి ఎవరు చదివారు, ఏమని చెప్పారు అని మొత్తం కనుక్కున్నారు. ఆ రోజుల్ని వాడి మిగిలిన లీవులో సర్దించారు. దాన్ని రెగ్యులరైజ్ చెయ్యడం అంటారు. జరిగిపోయిన దానికి వెనక నుంచి ఇచ్చే అనుమతి. ఆ రోజు నుంచి మా ఆఫీసులో టెలిగ్రాంలో రిగ్రెటెడ్ రాయకూడదని ఆర్డరు. నాట్ గ్రాంటెడ్, ఫలానా తేదీకి రిపోర్టు చెయ్యి అని రాయాలి. రెండు మాటలు ఎక్కువైనా సరే. 2013 జూలైలో దేశంలో టెలిగ్రామే పోయింది గానీ, ఆ పాఠం పోలేదు. తర్వాత నేను హెడ్ క్లర్కునయ్యాక నా కింద పనిచేసిన పిల్లలందరికీ ఇదే చెప్పాను. లేదనేటప్పుడు మర్యాద కంటే స్పష్టత ముఖ్యం. అవతలివాడికి అర్థంకాని మర్యాద వాడికి మర్యాద కాదు, ఉచ్చు.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. పరేడ్ మైదానంలో విసర్జన్ అన్నా డిస్మిస్ అన్నా అందరి మొహాలూ వెలిగిపోతాయి. ఆర్మీ యాక్టు 71వ సెక్షన్లో అదే డిస్మిసల్ ఒక శిక్ష. డిశ్చార్జ్ అనే మాట చూడండి. మనకి సర్వీసు పూర్తి చేసుకుని గౌరవంగా ఇంటికి రావడం కూడా డిశ్చార్జే. మన చేతిలో పెట్టేది డిశ్చార్జ్ బుక్. కానీ ఊళ్ళో "అతన్ని మిలిటరీ నించి డిశ్చార్జ్ చేశారంట" అంటే ఏదో తప్పు చేసి ఉంటాడనుకుంటారు. మనలో కొంతమందికి సెక్యూరిటీ ఉద్యోగాల ఇంటర్వ్యూలో కూడా ఈ ప్రశ్న ఎదురైంది. అలాంటప్పుడు కోపం తెచ్చుకోకుండా, ఎంగేజ్‌మెంట్ పూర్తయి రిటైరయ్యాను అని చెప్పండి. అదే పుస్తకంలో క్యారెక్టర్ కాలం చూపించండి.

సిక్ రిపోర్టులో ఎక్స్‌క్యూజ్డ్ అని రాస్తే పీటీ తప్పింది. బ్రిటిష్ కాలం నుంచి వచ్చిన 'మెడిసిన్ అండ్ డ్యూటీ' అనే మాట ఉండేది. చదవడానికి వైద్యంలా ఉంటుంది. అర్థం మాత్రం, మాత్ర మింగి డ్యూటీకి పో అని!

గాలిలో, నీటిలో

ఇది కాగితం మీద సంగతి. వైర్‌లెస్ మీద ఇదే పొరపాటు జరిగితే ప్రాణాలు పోతాయి. ఎయిర్‌ఫోర్స్ సోదరులకి తెలిసిందే అయినా మిగతావారి కోసం చెబుతాను.

1977 మార్చి 27. స్పెయిన్ దేశానికి చెందిన టెనెరిఫే దీవి. లాస్ రోడియోస్ విమానాశ్రయం. మంచు కమ్మేసింది. రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు. ఒకటి డచ్చివాళ్ళ కేఎల్ఎమ్, రెండోది అమెరికావాళ్ళ పాన్ యామ్. కంట్రోల్ టవరు కేఎల్ఎమ్‌కి ఎగిరాక ఏ దారిలో వెళ్ళాలో చెప్పింది. దాన్ని కూడా క్లియరెన్స్ అనే అంటారు. కానీ అది దారికి క్లియరెన్స్, ఎగరడానికి కాదు. ఆ మాటల్లో టేకాఫ్ అనే మాట కూడా వచ్చింది. కేఎల్ఎమ్ కెప్టెన్ అదే అనుమతి అనుకుని బయల్దేరాడు. టవరు మొదట "ఓకే" అంది. ఆ తర్వాత ఆగమని చెప్పిన మాట, అదే క్షణంలో పాన్ యామ్ కూడా మాట్లాడటంతో కీచుమని కలిసిపోయింది. ఎదురుగా ఇంకా రన్‌వే మీదే ఉన్న పాన్ యామ్‌ని గుద్దేసింది. 583 మంది చనిపోయారు. విమానయాన చరిత్రలో అంత పెద్ద ప్రమాదం మరొకటి లేదు.

ఆ తర్వాత మాటలు మార్చారు. టేకాఫ్ అనే మాటని నిజంగా ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడు మాత్రమే వాడాలి. మిగతా సమయాల్లో డిపార్చర్ అనాలి. చెప్పిన మాటని అవతలివాడు తిరిగి చదివి వినిపించాలి. ఉత్తి ఓకే పనికిరాదు.

మన సిగ్నల్స్‌వాళ్ళకి మొదటి రోజే నేర్పుతారు. రోజర్ అంటే ఒప్పుకున్నానని కాదు, నీ మాట అందింది అని. చేస్తాను అనడానికి విల్కో అని వేరే మాట ఉంది. నేవీలో 'ఐ ఐ సర్' అంటే ఆర్డరు అర్థమైంది, అమలు చేస్తాను అని. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు, చెయ్యడం వేరు. మూడింటికీ మన ఇళ్ళల్లో ఒకటే "ఊఁ" ఉంది. అందుకే ఇన్ని గొడవలు.

మే అనే చిన్న మాట

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న విషయం. ఇక్కడున్న అక్కచెల్లెళ్ళు దయచేసి వినండి.

'మే' అనే మాట స్కూల్లోనే వచ్చింది. మే ఐ కమిన్ సార్ అని. మన తెలుగులో దానికి సరిగ్గా సరిపోయే మాట 'వచ్చు'. వాన రావచ్చు అంటే అనుమానం. మీరు లోపలికి రావచ్చు అంటే అనుమతి. ఇంగ్లీషు మే కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. చట్టంలో 'షల్' అంటే చేసి తీరాలి. 'మే' అంటే చెయ్యచ్చు, మీ ఇష్టం.

మా మండలంలో ఒక మాజీ నాయక్ ఉన్నాడు. మెడికల్ గ్రౌండ్స్ మీద సర్వీసు మధ్యలో ఇంటికొచ్చాడు. డిసేబిలిటీ పెన్షన్‌కి కాగితాలు వెళ్ళాయి. జబ్బు సర్వీసు వల్ల రాలేదు, సర్వీసు వల్ల పెరగలేదు అని జవాబు వచ్చింది. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి మన ఆఫీసుల్లో నానా కేసు అంటారు. ఉత్తరంలో క్లెయిము రిజెక్టెడ్ అని ఉంది. ఎవరో చదివి "లేదన్నారు" అని చెప్పారు. అతను ఆ కాగితాన్ని డిశ్చార్జ్ బుక్కులో పెట్టి, బుక్కుని ట్రంకులో పెట్టి, తాళం వేశాడు. భార్య మిరప చేలో కూలికెళ్ళి సంసారం లాగింది.

నేను రిటైరై వచ్చాక ఒక రోజు ఆవిడ ఆ కాగితం పట్టుకొచ్చింది. "అన్నయ్య గారూ, ఇందులో ఇంకేమన్నా ఉందేమో ఒక్కసారి చూసిపెట్టండి" అంది. రెండో పేజీలో చివరి పేరా ఉంది. మీరు సంతృప్తి చెందకపోతే ఆరు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు అని. ఆ వాక్యంలో ఉన్న మాట 'మే'. రిజెక్టెడ్ అనే మాట అందరి కంటా పడింది. మే ఎవరి కంటా పడలేదు. అప్పటికి పదకొండేళ్ళయింది.

అప్పీలు వేశాం. ఆలస్యం మన్నించమని అడగాలి. దానికి 'కండోన్' అని ఇంకో అనుమతి మాట. ట్రిబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ చట్టం 2007 లో వచ్చింది, ట్రిబ్యునల్ 2009 లో పని మొదలుపెట్టింది. చివరికి అతనికి పెన్షన్ వచ్చింది. కానీ బకాయి ఎంతకాలానికి వచ్చింది? మూడేళ్ళకి మాత్రమే. 2008 లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఒక కొలత పెట్టింది. అతను 1983 లో ఇంటికొచ్చి పదహారేళ్ళ తర్వాత 1999 లో కోర్టుకెళ్ళాడు. పెన్షన్ ఇవ్వాల్సిందే గానీ, బకాయి మాత్రం కేసు వేయడానికి ముందు మూడేళ్ళకే అన్నారు. ఆ తర్వాత ఎన్నో కేసుల్లో అదే కొలత. అంటే మా నాయక్‌కి మిగతా ఎనిమిదేళ్ళ డబ్బు పోయింది. ఆ ఎనిమిదేళ్ళూ ఆ చెల్లెమ్మ చేలో వంగి పనిచేసింది. ఒక్క 'మే' ఎవరూ చదవనందుకు.

అందుకని నాకు ఇప్పుడు రిజెక్షన్ లెటర్ ఎవరు తెచ్చినా ముందు పైపేరా చదవను. కింది నుంచి చదువుతాను. పైన తలుపు మూసినట్టు రాసినా, కింద ఎక్కడో ఒక కిటికీ ఉంటుంది. దానికి ఒక తేదీ ఉంటుంది. 'కెనాట్ బి యాక్సీడెడ్ టు' అని ఉంటే కుదరదు అని అర్థం. 'ఎట్ దిస్ స్టేజ్' అని ఉంటే ఇప్పుడు కుదరదు అని, మళ్ళీ అడగచ్చు. 'ఫర్ వాంట్ ఆఫ్ డాక్యుమెంట్స్' అని ఉంటే అది నో కానే కాదు, కాగితం తక్కువైంది, పంపమని. 'రిటర్న్‌డ్ అనాక్షన్‌డ్' అంటే ముట్టుకోలేదని, సరిచేసి మళ్ళీ పంపాలని. ఇవన్నీ చూసి అన్నింటికీ "లేదన్నారు" అని ఒకటే తెలుగు చెబితే, ఆ ఇంటికి మనమే అన్యాయం చేసినవాళ్ళం అవుతాం.

ఇప్పుడు మీరే శాంక్షనింగ్ అథారిటీ

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. స్పర్శ్ వచ్చాక పెన్షన్ అంతా కంప్యూటర్ మీదకొచ్చింది. ఉత్తరాల బదులు ఫోన్‌కి మెసేజీలు. లైఫ్ సర్టిఫికెట్ కూడా ఫోన్లోనే ఇవ్వచ్చు. మంచిదే. కానీ ఆ ఫోన్లో ఒక కొత్త సంగతి ఉంది. మనం బతుకంతా ఒకరిని పర్మిషన్ అడిగాం. ఇప్పుడు ఫోన్ మనల్ని అడుగుతోంది. ఏదన్నా యాప్ తెరవగానే 'అలౌ' అని ఒక బటన్, 'డోంట్ అలౌ' అని ఇంకో బటన్. మీ కాంటాక్టులు చూడనా, మీ మెసేజీలు చదవనా అని. మనవాళ్ళు అలవాటు కొద్దీ అలౌ నొక్కేస్తారు. పెన్షన్ ఆఫీసు నుంచి అని చెప్పి ఎవడో ఫోన్ చేసి, ఒక లింకు పంపి, అలౌ నొక్కమంటాడు, ఓటీపీ చెప్పమంటాడు. నొక్కితే మీ మెసేజీలన్నీ వాడికి శాంక్షన్ చేసినట్టే. ఈ శాంక్షనింగ్ అథారిటీ మీరే. కమాండింగ్ ఆఫీసరు ఒక సంతకం పెట్టే ముందు ఫైలు ఎలా తిప్పి చూసేవారో అలాగే చూడండి. అనుమానముంటే డోంట్ అలౌ నొక్కండి. ఇక్కడ రిగ్రెట్ చెప్పక్కర్లేదు.

సోదరులారా, నేను సంఘానికి చేసే విన్నపం మూడు ముక్కలు. మన దగ్గర చదువుకున్నవాళ్ళు, ఆఫీసు పనిచేసినవాళ్ళు ఉన్నారు. నెలకొక ఆదివారం రెండు గంటలు కూర్చుందాం. ఎవరింట్లో ఏ ఇంగ్లీషు ఉత్తరం ఉన్నా తెమ్మని చెబుదాం. చివరి పేరా దాకా చదివి, తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇద్దాం. ఏం అడిగారు, ఏం చెప్పారు, ఇంకా ఏం చెయ్యచ్చు, ఏ తేదీలోగా అని నాలుగు లైన్లు చాలు. మన స్వరాష్ట్రంలో ఉన్న కుటుంబాలకి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం దారి చూపిద్దాం. సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకి నేను చెప్పేది, మీ పెళ్ళి, పిల్లల పుట్టిన తేదీలు పార్ట్ టూ ఆర్డర్లో పడ్డాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి. సాబ్ సరే అన్నారు అన్నది రికార్డు కాదు. రికార్డులో లేనిది రేపు మీ ఇంటావిడ అడిగినప్పుడు ఎవరూ ఒప్పుకోరు.

ఆఖరుగా ఒక మాట. లేదనడం పాపం కాదు. సైన్యంలో అందరికీ ఎస్ అంటే సరిహద్దులో ఎవరూ ఉండరు. కానీ లేదంటే లేదని అర్థమయ్యేటట్టు చెప్పాలి. ఇంకో దారి ఉంటే ఆ దారి కూడా చెప్పాలి. అది ఆఫీసు పనే కాదు, మనిషి పని కూడా.

కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఆయన ఇంకా ఏమీ అనలేదు గానీ అది నాట్ గ్రాంటెడ్ అని నాకు అర్థమైంది. మీ అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నాను.

జైహింద్.